ల్యాప్‌టాప్‌నకు బయటి గ్రాఫిక్స్ కార్డు

ఆటలాడుటకై కొన్న ల్యాప్‌టాప్ కొలది యేండ్లలోనే క్రొత్త ఆటల యెదుట నీరసించుట మన విద్యార్థులలో పలువు రెఱిగిన సంగతియే. అప్పుడు కుమారుడు క్రొత్త యంత్రము కావలె ననును. తండ్రి "ఉన్నదాని కేమి వచ్చినది?" అనును. ఈ యిరువురి నడుమ మూడవ మార్గ మొకటి కలదు. ల్యాప్‌టాప్‌ను మార్పక, శక్తిమంతమైన గ్రాఫిక్స్ కార్డును బయటనుండి దానికి తగిలింపవచ్చును. ఇది యెట్లు పనిచేయునో, ఎప్పుడు ధనము వ్యర్థమగునో యిచట వివరింతును.

సాధారణమైన తెఱపై అడ్డముగా 1920, నిలువుగా 1080 చుక్క లుండును. అనగా ఇరువది లక్షలకు మించిన చుక్కలు. ఆట సాగుచున్నంతసేపు వీనిలో ప్రతిదాని రంగును సెకనునకు అఱువది మాఱులు లెక్కింపవలయును. ప్రధాన ప్రాసెసరు పండితునివంటిది. ఎంతటి చిక్కులెక్కనైన విప్పును, కాని పండితు డొక్కడు పదియెకరముల వరి నాటజాలడు. గ్రాఫిక్స్ చిప్పు నాట్లువేయు కూలీల బారువంటిది. ఒక్కొక్కరి పని స్వల్పమే యైనను, వేలమంది యొక్కసారి వంగి నాటుదురు.

ల్యాప్‌టాప్‌లోని చిప్పునకు స్థలము తక్కువ, వేడిమి పోవు త్రోవ యిఱుకు. ఇచట కొనువారు మోసపోవు విషయ మొకటి చెప్పవలెను. పేరొకటే యైనంత మాత్రమున వస్తు వొకటి కాదు. 2022లో వచ్చిన ఎన్విడియా ఆర్.టి.ఎక్స్. 4090 బల్లమీది కంప్యూటరు కార్డునందు 16,384 గణక భాగము లుండగా, అదే పేరుతో 2023లో వచ్చిన ల్యాప్‌టాప్ చిప్పునందు 9,728 మాత్రమే కలవు. మొదటిది 450 వాట్ల విద్యుత్తును గ్రహించును. రెండవదానికి 175 వాట్లే యెల్ల.

బయటి యేర్పాటున ఒక పెట్టె యుండును. అందు కార్డు నమర్చు గాడి, దానికి ప్రత్యేకముగా విద్యుత్తు నిచ్చు పవర్ సప్లై, గాలిమరలు ఉండును. ఒక తీగ దానిని ల్యాప్‌టాప్‌తో కలుపును. 2008లో ఫుజిట్సు సీమెన్స్ వా రిట్టి పెట్టె నమ్మిరి గాని, అది వారి ల్యాప్‌టాప్‌నకే తగులునది. 2015లో ఇంటెల్ వారు థండర్‌బోల్ట్ 3ను ప్రకటించిన పిమ్మటనే యీ విద్య పలువురికి అందినది.

చిక్కంతయు ఆ తీగయందే యున్నది. థండర్‌బోల్ట్ 3 సెకనునకు 40 గిగాబిట్లను మోయును. అందు కార్డు పాలికి వచ్చునది 32కు మించదు. బల్లమీది కంప్యూటరులో కార్డునకు పదునాఱు దారు లుండగా ఇచట నాలుగే. చెఱువు నిండియున్నను పిల్లకాలువ పాఱునంతయే పొలమునకు చేరును గదా! కావున మిక్కిలి ఖరీదైన కార్డును తెచ్చి యీ తీగకు కట్టుట తెలివిగల పని కాదని నా యభిప్రాయము, మధ్యరకము చాలును.

మఱియు, బొమ్మ సిద్ధమైన తరువాత ల్యాప్‌టాప్ తెఱపైననే చూడదలచినచో, అది యదే తీగవెంట తిరిగి రావలయును. చుక్కకు నాలుగు బైట్ల చొప్పున నొక బొమ్మకు సుమారు 83 లక్షల బైట్లు. సెకనునకు అఱువది బొమ్మలైనచో 4 గిగాబిట్లు, నూట నలువదినాలుగైనచో తొమ్మిదిన్నర గిగాబిట్లు! వేఱొక మానిటరును కార్డునకే నేరుగా తగిలించినచో ఈ తిరుగు ప్రయాణము తప్పును. ఆట మునుపటికంటె మెఱుగుగా సాగును.

2023లో ప్రకటింపబడిన థండర్‌బోల్ట్ 5 కార్డునకు 64 గిగాబిట్ల దారి నిచ్చుచున్నది. ఆక్యులింక్ అను మఱియొక తీగయు, నాలుగవ తరపు దారులు నాలుగు గలదైనచో, అంతయే మోయును. కాని యది ల్యాప్‌టాప్‌ను చార్జి చేయజాలదు.

తల్లిదండ్రులు కొనుటకు ముందు చూడవలసినది ల్యాప్‌టాప్ ప్రక్కనున్న రంధ్రము. టైప్-సి రంధ్రములన్నియు నొకే యాకారమున నుండును. వానిలో కొన్ని చార్జింగునకే పనికివచ్చును. మెఱుపు గుఱుతు గలది థండర్‌బోల్ట్. యు.ఎస్.బి. 4 గల కొన్ని యంత్రములును పనికివచ్చును. అది కంపెనీవారి వివరపత్రమున చూచికొనవలెను. ప్రాసెసరు పాతబడి తానే వెనుకబడుచున్నచో, ఎంతటి కార్డైనను దానికొఱకు వేచియుండవలసినదే. పెట్టె, పవర్ సప్లై, కార్డు, తీగ అన్నిటి వెలయు కలిపి చూచినచో ఒక్కొకప్పుడు క్రొత్త ల్యాప్‌టాప్ వెలకు దగ్గఱ పడును. అంతకంటె ముందు లోపలి దుమ్మును తీయించి చూచుట మేలు. 35 డిగ్రీలకు మించని గదిలో వాడుడని పలు కంపెనీలవారు వ్రాయుదురు. మన వేసవిలో పగటిపూట అట్టి గది దొరకుటయే యరుదు.

త్రిపరిమాణ చిత్రములను తయారుచేయువారికి మాత్రము తీగ యిఱుకుదనము అంతగా బాధింపదు. దృశ్యమంతయు నొకసారి కార్డులోనికి చేరినచో, గంటలకొలది లెక్క లోపలనే జరుగును.

ఆట నడుచుచుండగా తీగను లాగరాదు. థండర్‌బోల్ట్ అయినచో ముందు కంప్యూటరులో విడదీయు నాజ్ఞ నిచ్చి, పిదప తీయవలెను. ఆక్యులింక్ అయినచో యంత్రమును, పెట్టెను పూర్తిగా ఆర్పిన తరువాతనే తీగను ముట్టవలయును.