కుర్చీ ఎక్కే ముందే లెక్క

తల తడిశాక ఎవరూ బేరమాడలేరు. దక్షిణ కొరియాలోని చుంగ్‌జు నగరంలో 2016లో అదే జరిగింది. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఓ మహిళ జుట్టుకు రంగు వేయించుకోవడానికి సెలూన్‌కు వెళ్లారు. బిల్లు 5,20,000 వోన్లు! అప్పటి లెక్కన దాదాపు 30 వేల రూపాయలు. సంగతి బయటికి పొక్కడంతో దేశమంతా భగ్గుమంది.

నిజానికి 66 చదరపు మీటర్లు, అంతకు మించిన సెలూన్లు ధరల పట్టిక బయట పెట్టాలన్న నిబంధన 2013లోనే వచ్చింది. అయితే కట్టింగ్‌కు తోడు పర్మ్, రంగు, ట్రీట్‌మెంట్ చేరేకొద్దీ బిల్లూ పెరుగుతుంది. జుట్టు పొడుగైతే చాలా చోట్ల అదనపు వడ్డన. వాలుజడతో సోల్‌లో అడుగుపెట్టే తెలుగు విద్యార్థినికి ఈ లెక్క తెలియకపోతే కష్టమే. టిప్పు ఇచ్చే ఆనవాయితీ లేకపోవడం ఒక్కటే ఊరట.

చుంగ్‌జు ఉదంతం తర్వాత, 2017 నవంబర్ నుంచి మూడు లేదా అంతకు మించిన సేవలకు మొత్తం ఖర్చు ముందే రాసి చూపడం తప్పనిసరైంది. మరి రెండింటికైతే? కస్టమరే నోరు విప్పాలి. కొరియన్‌లో ముందుగా నేర్చుకోవాల్సిన మాట అదే: ‘ఓల్మాయేయో?’ అంటే, ‘ఎంత?’