మన గడప ముందు రోడ్డు ఎవరిది?

మాది రాచర్ల. మాకు మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే పొలాల మీద కమ్ముకునేదే. పారతో ఎత్తిపోసే మంచు నేనెప్పుడూ చూడలేదు. మొన్న చలికాలంలో సియాటెల్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి వీడియో కాల్ చేస్తే, పార పట్టుకుని ఇంటి ముందు ఫుట్‌పాత్ మీద మంచు తీస్తున్నాడు.

"అదేందన్నా, అది మున్సిపాలిటీ వాళ్ళ పని కదా?" అన్నాను.

"కాదురా. నా ఇంటి ముందుది నేనే తియ్యాలి. ఇక్కడ రూలే అంత."

సియాటెల్ మరీ మంచు ఊరేం కాదు. చలికాలమంతా వానలే, మంచు పడేది ఏదో కొద్దిరోజులు. అప్పుడు సిటీ వాళ్ళ బండ్లు ముఖ్యమైన రోడ్లు చూసుకుంటాయి. ఫుట్‌పాత్ మాత్రం దాని పక్కన ఇల్లున్నవాళ్ళ బాధ్యత. మంచు తీయడమే కాదు, పగుళ్ళొస్తే రిపేర్ కూడా చాలావరకు వాళ్ళదే. మంచు బాగా పడే షికాగోలో లెక్క ఇంకా కచ్చితం. కనీసం 5 అడుగుల వెడల్పున దారి తియ్యాలి. రాత్రి 7 తర్వాత పడితే మర్నాడు ఉదయం 10 లోపు అయిపోవాలి. తీసిన మంచుని రోడ్డు మీదకి నెట్టకూడదు.

ఎందుకింత పట్టింపు అంటే, దారి అనేది తెగకుండా ఉంటేనే దారి. ఇరవై ఇళ్ళవాళ్ళు శుభ్రం చేసి ఒక్కరు వదిలేస్తే, నడిచేవాళ్ళు జారేది ఆ ఒక్క ఇంటి ముందే.

మరి మన దగ్గర? 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 45వ సెక్షన్‌లో గ్రామ పంచాయతీ పనులు ఉన్నాయి. రోడ్లు బాగుచేయడం, కాలువలు కట్టడం, వీధులు ఊడ్పించడం, చెత్తకుప్పలు తీయించడం, చివరికి నాగజెముడు పొదలు కొట్టించడం కూడా. అంటే కాగితం మీద బాధ్యత పంచాయతీది. కానీ తెల్లారి లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గేసేది ఇంట్లోవాళ్ళే. అలా చెయ్యమని ఏ చట్టమూ చెప్పలేదు. అలవాటు, అంతే.

ఆ అలవాటు కాలువ దగ్గర ఆగిపోతుంది. ఊడ్చిన చెత్త అందులోకే పోతుంది. అది మన వాకిలి కాదు కాబట్టి మనం తియ్యం. పంచాయతీ మనిషి వచ్చినా, కాలువ మీద సిమెంట్ పోసేసి ఉంటే పార ఎక్కడ పెడతాడు?

ఇది మా ఇంటి సంగతే. బైక్ ఎక్కడానికని మా నాన్న కాలువ మీద ర్యాంప్ పోయించాడు. కింద చిన్న పైపు పెట్టారు. రెండేళ్ళకి అది పూడుకుపోయింది. నీళ్ళు పొంగి రోడ్డు మీదకొచ్చి, పాచి పట్టింది. పోయిన కార్తీకంలో గుడికి బయల్దేరిన మా జేజి సరిగ్గా అక్కడే జారిపడింది. మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. పంచాయతీని తిట్టుకుందామంటే, అడ్డం కట్టింది మేమే.

ఉగాదికి ఆ ర్యాంప్ పగలగొట్టించాం. దాని బదులు ఇద్దరు పట్టుకుంటే లేచే నాపరాయి బండలు వేశాం. నెలకోసారి వాటిని లేపి పూడిక తీస్తాం. తీసింది పక్కింటి వైపు నెట్టకుండా తట్టకెత్తి చెత్తబండిలో వేస్తాం.

రోడ్డు పంచాయతీదే, అడిగే హక్కు మనకుంది. కానీ అడిగే ముందు, వాళ్ళ పార దిగడానికి మన ఇంటి ముందు చోటుందో లేదో ఒకసారి చూసుకోండి. మా జేజి ఇప్పుడు మళ్ళీ ముగ్గేస్తోంది, ఎడమచేత్తో.