క్రిస్టడెల్ఫియను: ఒక పేరు పుట్టుక

అమెరికాలో ఉత్తర దక్షిణ రాష్ట్రముల నడుమ అంతర్యుద్ధము ఘోరముగా సాగుచుండిన 1864వ సంవత్సరమున, ఆయుధము పట్టుట పాపమని నమ్మిన యొక చిన్న క్రైస్తవ సమాజమునకు పేరు లేకపోవుటయే పెద్ద చిక్కై కూర్చున్నది. ఆ యేటి ఫిబ్రవరిలో వెలువడిన చట్టము, యుద్ధమును నిషేధించు మతశాఖలవారు రణరంగమునకు బదులు వైద్యశాలలలో సేవ చేయుటకో, విముక్తులైన బానిసలను సంరక్షించుటకో, లేదా 300 డాలర్లు చెల్లించుటకో అవకాశ మొసంగెను. కాని ఆ సదుపాయమును కోరువారు తాము ఫలానా శాఖవారమని చెప్పుకొనవలెను గదా!

వారికి మార్గదర్శకుడు జాన్ థామస్. ఆయన 1805లో లండనులో జన్మించిన వైద్యుడు. 1832లో అమెరికాకు పయనించునపుడు ఓడ తుపానులో చిక్కుకొనగా, బ్రతికి బయటపడినచో మరణానంతరగతిని గూర్చిన సత్యమును శోధింతునని ప్రతిజ్ఞ చేసికొనెను. ఆ శోధనమే పిదప ఆయనచే త్రిత్వసిద్ధాంతమును త్యజింపజేసినది. ఇలినాయి రాష్ట్రమందలి ఓగల్ కౌంటీలోని విశ్వాసుల నిమిత్తము ఆయన గ్రీకు పదములను కూర్చి కల్పించిన పేరే క్రిస్టడెల్ఫియను.

ఈ సమాసమున పూర్వపదము క్రిస్టోస్, అనగా అభిషిక్తుడు. ఉత్తరపదము అడెల్ఫోస్, అనగా సోదరుడు. క్రీస్తుయొక్క సోదరులని షష్ఠీతత్పురుషముగా విడదీయవచ్చును గాని, ఆ సంఘమువారు క్రీస్తునందు సోదరులమనియే చెప్పుకొందురు. కొలొస్సయులకు వ్రాసిన పత్రికారంభమున పౌలు వాడినదియు నా మాటయే.

తెలుగు పాఠకుడు నిలిచి చూడవలసినది అడెల్ఫోస్ శబ్దమును. డెల్ఫుస్ అనగా గర్భము. దాని ముందరి అకారము నిషేధార్థకము గాదు, సమానార్థకము. ఏకగర్భమున జనించినవాడే అడెల్ఫోస్. మన సోదరశబ్దమును సమానమైన ఉదరము గలవాడనియే గదా చెప్పుచున్నది! సంస్కృతమున సగర్భ్యశబ్దము సయితము కలదు. గర్భ, డెల్ఫుస్ శబ్దములు రెండును ఒకే ప్రాచీనమూలమునుండి వచ్చినవని భాషాశాస్త్రజ్ఞుల మతము. యుద్ధవిముఖుడైన క్వేకరు విలియం పెన్ 1682లో నెలకొల్పిన ఫిలడెల్ఫియా నగరనామమునందును, సోదరప్రేమ యను నర్థమున, ఈ శబ్దమే యిమిడి యున్నది.

ఒక్క దేశపు బిడ్డలే రెండు సేనలై పరస్పరము సంహరించుకొనుచున్న కాలమున, ఏకగర్భజాతులమను భావమును పేరులోనే నిలుపుకొని తుపాకి పట్టబోమన్న ఆ కొద్దిమందికి ఇంతకంటె యుక్తమైన నామము దొరకియుండదని నా దృఢాభిప్రాయము. ఆ నామము సముద్రము దాటి ఇంగ్లండునందును స్థిరపడినది; బర్మింగ్‌హాములో రాబర్ట్ రాబర్ట్స్ 1864లో వేరొక పేరుతో ప్రారంభించిన మాసపత్రిక 1869 నుండి "ది క్రిస్టడెల్ఫియన్" అను పేరుతోనే వెలువడసాగెను.