చావింట్లో అడిగే సాయం

చందా అడగొచ్చు, రక్తం అడగొచ్చు, పాత పుస్తకాలడగొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు. కానీ అప్పుడే ప్రాణం పోయిన ఇంటికి వెళ్లి 'మీ నాన్నగారి కళ్లిస్తారా?' అని అడగాలంటే..? ఊళ్లో సేవాక్లబ్బులు చేసే పనులన్నింట్లోకీ కష్టమైంది అదే. విలువైందీ అదే!

సేవాక్లబ్బు అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఓ బ్యానరూ, నాలుగు శాలువాలూ, రోగి చేతిలోని ఒక్క బ్రెడ్డు ప్యాకెట్టుని ఎనిమిది చేతులు పట్టుకున్న ఫొటో. అందులో కొంత నిజం లేకపోలేదు. కానీ అదే క్లబ్బులో ఒకరో ఇద్దరో వేరే రకం సభ్యులుంటారు. మందులషాపు నడుపుకునేవారో, రిటైరైన మాస్టారో, ఎల్ఐసీ ఏజెంటో. అర్ధరాత్రి ఫోను మోగితే చొక్కా తగిలించుకుని స్కూటరు తీస్తారు. ఊళ్లో ఎవరో పోయారు. తెల్లారేలోగా ఆ కళ్లు ఐబ్యాంకు వారికి అందాలి. ముందుగా, ఇంట్లోవాళ్లు 'సరే' అనాలి!

ఆరు గంటలే గడువు

కంటిలో నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. మందం అర మిల్లీమీటరుకి కాస్త అటూ ఇటూ. అది మసకబారితే లోపల కన్నంతా బాగున్నా చూపుండదు. దాన్ని తీసి, చనిపోయినవారి కార్నియాని అమర్చడమే వైద్యం. శుక్లాలకైతే కృత్రిమ కటకం ఉంది. కార్నియా పాడైన చాలామందికి మాత్రం ఇప్పటికీ మరో మనిషి కన్నే దిక్కు.

ఈ పొరలో రక్తనాళాలుండవు. అందుకే ప్రాణం పోయాక కూడా కొన్ని గంటలపాటు పనికొస్తుంది. మామూలుగా బ్లడ్‌గ్రూపు కలవాల్సిన అవసరమూ లేదు. కాకపోతే ఆరు గంటల్లోగా సేకరించాలి. ఆ తర్వాత ఎం.కె. అనే ద్రావణంలో చల్లగా ఉంచితే నాలుగు రోజులవరకూ నిల్వ ఉంటుంది.

కార్నియా ఎవరికి పాడవుతుంది? వరికోతల్లో కంటికి ఆకు గీసుకున్న కూలీకి. నూర్పిళ్లప్పుడు గింజ ఎగిరి తగిలిన రైతుకి. దెబ్బకన్నా ఆ తర్వాత కంట్లో పోసిన ఆకుపసరే ఎక్కువ కీడు చేస్తుంది. ఇక, తాంబూలంలోకి కొన్న సున్నం ప్యాకెట్టుని పిల్లలు ఆడుకుంటూ నొక్కితే అది చిట్లి కళ్లలో పడుతుంది. ప్రపంచంలో మొట్టమొదట విజయవంతమైన కార్నియా మార్పిడి కూడా సున్నం పడి చూపు పోయిన ఓ కూలీకే జరిగింది. 1905 డిసెంబరులో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓలోమౌట్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్ అనే వైద్యుడు చేశారు.

హెలెన్ కెల్లర్ అప్పగించిన పని

అదే 1905లో అమెరికాలోని షికాగోలో పాల్ హ్యారిస్ అనే లాయరు రోటరీ క్లబ్బుకి పునాది వేశారు. అదే నగరంలో 1917లో మెల్విన్ జోన్స్ అనే బీమా ఏజెంటు చొరవతో లయన్స్ క్లబ్బులు మొదలయ్యాయి. వ్యాపారులు కలిసి భోంచేసి విడిపోకుండా ఊరికేదైనా చేయాలన్నది ఆయన ఆలోచన. ఏం చేయాలన్నది మాత్రం ఓ మహిళ చెప్పింది. ఆమే, చూపూ వినికిడీ లేని హెలెన్ కెల్లర్. 1925 జూన్ 30న ఒహాయో రాష్ట్రంలో జరిగిన లయన్స్ మహాసభలో మాట్లాడుతూ అంధత్వంపై పోరాటాన్ని మీ భుజాన వేసుకోండని కోరింది. అప్పట్నుంచీ కంటివైద్యం వాళ్ల ఇంటి పనైపోయింది. మనదేశానికి లయన్స్ 1956లో బొంబాయి ద్వారా వచ్చింది. అలా కంటిశిబిరాలూ, కళ్లజోళ్ల పంపిణీ మన జిల్లా పట్టణాల దాకా చేరాయి. లయన్సే కాదు, రోటరీ, ఇతర సేవాసంఘాలు కూడా నేత్రదానం పనిలో ఉన్నాయి.

వైద్యానికి మన దగ్గర కొరత లేదు. 1987లో హైదరాబాదులో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిలో జరిగిన కార్నియా మార్పిళ్లు ఇప్పటికే 50 వేలు దాటాయి. సర్జన్లున్నారు, పరికరాలున్నాయి. కావాల్సింది కళ్లు. పెద్దాసుపత్రుల్లో ఎవరైనా పోతే బంధువులతో మాట్లాడేందుకు ఐబ్యాంకుల కౌన్సెలర్లుంటారు. మరి ఇంట్లోనే కన్నుమూసే పెద్దవాళ్ల సంగతి? అక్కడికి వెళ్లగలిగేది ఊళ్లోవాళ్లే!

కార్డుంటే చాలదు

నేత్రదాన పక్షోత్సవాలు ఏటా ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా జరుగుతాయి. ర్యాలీలు తీస్తారు, కాలేజీల్లో ప్రతిజ్ఞ పత్రాలు నింపిస్తారు. మంచిదే. కానీ ఆ కార్డు బీరువాలో బట్టలకింద ఉండిపోతుంది. పైగా మనిషి పోయాక సంతకం చేయాల్సింది ఇంట్లోవాళ్లు. వాళ్లకి తెలియకపోతే ఆ కార్డు ఉన్నా లేనట్లే. కార్డు లేకపోయినా ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటే ఇవ్వొచ్చు. అంటే, కళ్లు తెచ్చేది కార్డు కాదు... ఆ ఘడియలో అడిగిన మనిషి.

అడగడానికీ ఓ పద్ధతుంది. గుమ్మంలోకి వెళ్లగానే అడగకూడదు. ఏడుస్తున్న భార్యని అసలే అడగకూడదు. ముందు నలుగురితోపాటు కాసేపు కూర్చోవాలి. ఇంట్లో నిబ్బరంగా ఉన్న ఓ అల్లుడినో, మేనల్లుడినో చూసుకుని పక్కకి పిలవాలి. 'బాబూ, మీ మావయ్యగారు బతికున్నన్నాళ్లూ నలుగురికీ సాయపడ్డారు. ఆయన కళ్లు కూడా ఇద్దరికి చూపునిస్తాయి. అత్తయ్యగారితో నువ్వు ఓ మాట చెప్పి చూడు' అనాలి. కాదంటే దండం పెట్టి వచ్చేయాలి. మర్నాడు పాడె మోయడానికి మళ్లీ వెళ్లాలి. అందుకే ఈ పని బయటి ఊరివాళ్ల వల్ల కాదు. ఏళ్ల తరబడి మంచికీ చెడ్డకీ కనిపించిన మొహమైతేనే ఆ ఇంట్లో తప్పుగా అనుకోరు.

చాలా పట్టణాల్లో ఫ్రీజర్ బాక్సులూ, వైకుంఠ రథాలూ సేవాక్లబ్బుల దగ్గరే ఉంటాయి. చావు కబురు ముందుగా చేరేదీ వాళ్లకే. బాక్సు కోసం ఫోను చేసినవారిని అప్పుడే ఓ మాట అడిగితే ఆరు గంటల్లో ఒక్క నిమిషం కూడా వృథా కాదు.

జులై వస్తే...

క్లబ్బుల్లో ఓ చిక్కుంది. ఏటా జులై 1న కొత్త అధ్యక్షుడు వస్తారు. ఒకాయన మొక్కలంటారు, తర్వాతాయన క్రికెట్ టోర్నమెంటంటారు. మొక్కల కార్యక్రమం ఓ ఏడాది ఆగినా కొంప మునగదు. నేత్రదానం అలాకాదు. గోడమీద రాసిన ఫోన్ నంబరు పన్నెండు నెలలకోసారి మారితే, ఆ రాత్రి ఎవరూ ఎత్తకపోతే, ఇద్దరి చూపు పోయినట్లే. అధ్యక్షులెవరైనా ఆ నంబరూ, దాన్నెత్తే మనిషీ మారకూడదు. క్లబ్బు సేవని కొలవాలంటే దండల ఖర్చు కాదు, ఆ ఫోను ఎన్నేళ్లుగా మోగుతోందో చూడాలి.

కన్నప్ప పుట్టిన నేలలో...

'కళ్లిస్తే వచ్చే జన్మలో గుడ్డివాళ్లుగా పుడతారేమో' అనే భయం ఇంకా ఉంది. శివుడికి కన్ను పెకిలించి ఇచ్చిన తిన్నడినే కన్నప్పగా కొలిచే శ్రీకాళహస్తి మన దగ్గరే ఉంది. అలాంటి చోట ఈ భయానికి తావేది! మొహం వికారంగా మారుతుందన్నదీ అపోహే. కార్నియా మాత్రమే తీసినా, కన్ను తీసినా కనురెప్పలు మూసి ఎప్పటిలాగే ఉంచుతారు. అరగంటలోపే పని పూర్తవుతుంది, అంత్యక్రియలు ఆలస్యం కావు. కళ్లజోడున్నా, షుగరున్నా, శుక్లాల ఆపరేషనైనా ఇవ్వొచ్చు. ఎయిడ్స్, హెపటైటిస్, రేబిస్‌లాంటి జబ్బులతో పోయినవారి నుంచి మాత్రం తీసుకోరు.

రెండు కళ్లూ ఇద్దరికే అనుకోనక్కర్లేదు. 2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ హఠాత్తుగా మరణించినప్పుడు బెంగళూరు వైద్యులు ఆయన కార్నియాలని పొరలుగా విడదీసి నలుగురికి అమర్చారు.

ఫోను చేశాక...

ఐబ్యాంకు వాళ్లు వచ్చేలోగా ఇంట్లోవాళ్లు చేయాల్సినవి నాలుగే. కనురెప్పలు మూయాలి. తలకింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచాలి. ఫ్యాను ఆపేయాలి. మూసిన కళ్లమీద తడిపిన దూది ఉంచాలి. డెత్ సర్టిఫికెట్టో, వైద్యుడి కాగితమో ఉంటే దగ్గర పెట్టుకోవాలి. పైసా ఖర్చుండదు. కళ్లని అమ్మడం, కొనడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నేరం. ఎవరికి అమర్చారో రెండు వైపులా చెప్పరు.

కొన్నిచోట్ల క్లబ్బు సభ్యులు పెద్దకర్మ రోజున వెళ్లి ఆ కుటుంబానికి నాలుగు మంచి మాటలు చెప్పి, ఓ పత్రం అందిస్తారు. భోజనాలకొచ్చిన చుట్టాలంతా వింటారు. 'మావాళ్లకి కూడా చెప్పి ఉంచుతాను' అని ఒకరైనా అంటే చాలు. ఇంకో ఇంట్లో, ఇంకో రాత్రి, అడగాల్సినవారికి నోరు పెగలడం కాస్త తేలికవుతుంది. అంతవరకూ ఎందుకు... ఇవాళ ఆదివారం, అందరూ ఇంట్లోనే ఉంటారు. అన్నాల దగ్గర ఆ మాటేదో మనమే చెప్పేస్తే, రేపు గుమ్మంలోకి వచ్చే ఆ మాస్టారికి అడిగే కష్టమే తప్పుతుంది!