బొమ్మలో హద్దుగీతలు

పెద్దాపురము పట్టునేతకు పేరుపొందిన యూరు. పట్టుచీర యంచులోని యొక పువ్వును ఛాయాచిత్రమునుండి కత్తిరించి, కంప్యూటరుపై వరుసగా పేర్చి క్రొత్త యంచును గూర్పగోరు విద్యార్థులకు ముఖ్యమైన మాట యొకటి చెప్పుచున్నాము.

ఇట్టి బొమ్మ యంతయు పిక్సెళ్లను సూక్ష్మమైన గళ్లతో నేర్పడినది. ఒక పువ్వు మొదలునుండి మఱియొక పువ్వు మొదటికి 120 గళ్లుండగా మనము 119 మాత్రమే కత్తిరించినచో, పదిమారులు పేర్చునప్పటికి 10 గళ్లు తరుగును. ప్రతి యతుకును కంటబడును. కావున కంటి యంచనా యిచ్చట చాలదు.

1996లో వెలువడిన గింప్ అను ఉచితసాధనమునందు దీనికై గైడులను గీతలు గలవు. ఇవి సాధారణముగా నిలువుగను అడ్డముగను మాత్రమే యుండును గనుక, మొదట బొమ్మను త్రిప్పి యంచును తిన్నగా నిలుపవలెను. పువ్వు మొదలు 240వద్ద నున్నచో, ఎడమ కొలబద్దనుండి మౌసుతో నొక గీతను లాగి యచ్చటను, వేరొకదానిని 360వద్దను నిలుపుడు. అట్లే పైకొలబద్దనుండి పైహద్దును క్రిందిహద్దును దింపుడు. పిమ్మట వ్యూ పట్టికలో స్నాప్ టు గైడ్స్ అనుదానికి గుర్తు గలదేమో చూచి, ఎంపికను గీయుడు. దాని యంచు గీతను సమీపింపగనే దానికంటుకొనును. వెడల్పు 120 అని యున్నదేమో తప్పక సరిచూచుకొనుడు. ఈ గీతలు అచ్చులో పడవు.

పోగులెంచి నేయువారి యూరి పిల్లలకు ఇంతటి యోర్పు క్రొత్తది కాదు.