బ్యాచ్ రసాయన పరిశ్రమలో ఉత్పత్తి షెడ్యూలు – ప్రక్రియా నియంత్రణ: సమన్వయ ఆవశ్యకత

1. ఉపోద్ఘాతం:

ఔషధాలు, రంగులు, పురుగుమందుల తయారీలో బ్యాచ్ పద్ధతి ప్రధానమైనది. ముడిపదార్థాలను రియాక్టరులో నింపి, చర్య పూర్తయ్యాక ఖాళీ చేసి, కడిగి, మరో బ్యాచ్‌కు సిద్ధం చేస్తారు. హైదరాబాదు పరిసరాల్లోనూ, విశాఖపట్నం సమీపంలోని పరవాడలోనూ ఉన్న బల్క్ డ్రగ్ కర్మాగారాలు ఎక్కువగా ఈ పద్ధతిలోనే నడుస్తున్నాయి. ఏ బ్యాచ్‌ను ఏ రియాక్టరులో ఎప్పుడు ప్రారంభించాలన్నది షెడ్యూలింగ్ సమస్య. ప్రారంభించిన బ్యాచ్‌లో ఉష్ణోగ్రత, పీడనం, పదార్థ ప్రవాహం ఎలా ఉండాలన్నది నియంత్రణ సమస్య. ఈ రెంటినీ విడివిడిగా పరిష్కరించడం వల్ల కలిగే నష్టాన్ని, సమన్వయ మార్గాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. విభజనకు మూలం:

షెడ్యూలు గంటలు, రోజుల లెక్కన సాగుతుంది. నియంత్రణ క్షణాలు, నిమిషాల లెక్కన సాగుతుంది. కాలప్రమాణంలోని ఈ భేదమే విభజనకు మూలం. 1993లో కొండిలి, పాంటెలిడెస్, సార్జెంట్ ప్రతిపాదించిన ‘స్టేట్-టాస్క్ నెట్‌వర్క్’ నమూనా బ్యాచ్ షెడ్యూలింగ్‌కు పటిష్ఠమైన గణిత రూపాన్నిచ్చింది. అయితే అందులో ప్రతి పనికీ పట్టే కాలం ముందుగా ఇచ్చిన స్థిర సంఖ్య. వాస్తవానికి చర్యాకాలం నియంత్రణ విధానంపైనే ఆధారపడి ఉంటుంది.

3. ఒక ఊహాత్మక ఉదాహరణ:

ఒక ఉష్ణమోచక చర్యకు 6 గంటలు పడుతుందనీ, అందులో 3 గంటలపాటు ఒక పదార్థాన్ని ధారగా పంపుతారనీ అనుకుందాం. తర్వాతి దశలోని డ్రయర్ 8 గంటల వరకు ఖాళీ కాదు. అప్పుడు 6 గంటల్లో చర్య ముగించడం వల్ల ప్రయోజనం లేదు. నిలువ ఉన్న ద్రావణంలో మలినాలు పెరిగే అవకాశమూ ఉంది. అదే ధారను 5 గంటలకు పొడిగిస్తే, పంపిన పదార్థం వెంటవెంటనే చర్యలో వినియోగమవుతున్నంతవరకు, ఆ దశలో గంటకు వెలువడే సగటు ఉష్ణం 60 శాతానికి తగ్గుతుంది. శీతలీకరణపై భారమూ అంతే తగ్గుతుంది. రసాయన స్వభావం అనుమతించినంత మేరకే ఈ పొడిగింపు సాధ్యం.

దీనికి విపర్యయమూ ఉంది. ఉక్కపోత రోజుల్లో కూలింగ్ టవర్ నీరు తగినంత చల్లబడదు. 6 గంటల పనికి ఆనాడు 7 గంటలు పట్టవచ్చు. రెండు రియాక్టర్లలో ఉష్ణం ఒకేసారి తారస్థాయికి చేరితే ఉమ్మడి శీతలీకరణ వ్యవస్థ చాలకపోవచ్చు. స్థిర సంఖ్యలతో వేసిన షెడ్యూలుకు ఇవేవీ కనిపించవు.

4. ప్రమాద కోణం:

2007 డిసెంబరు 19న అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం జాక్సన్‌విల్‌లో టీ2 లేబొరేటరీస్ రియాక్టర్ పేలి నలుగురు మరణించారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు ప్రకారం, అది 175వ బ్యాచ్. 42వ బ్యాచ్ నుంచి పరిమాణాన్ని మూడో వంతు పెంచారు. శీతలీకరణకు ప్రత్యామ్నాయ ఏర్పాటు లేదు. చర్య అదుపు తప్పడానికి శీతలీకరణ వైఫల్యమే కారణమని బోర్డు నిర్ధారించింది. బ్యాచ్ పరిమాణం ఉత్పత్తి ప్రణాళికకు ఒక అంకె మాత్రమే. నియంత్రణకు అది తొలగించవలసిన ఉష్ణరాశి. ఆ రెండు అర్థాలనూ కలిపి చూడవలసిన అవసరాన్ని ఈ దుర్ఘటన తెలియజేస్తున్నది.

5. సమన్వయ మార్గాలు:

అ) సంపూర్ణ సమన్వయం: షెడ్యూలు నిర్ణయాలనూ, చర్యాగతిని తెలిపే అవకలన సమీకరణాలనూ ఒకే గణిత సమస్యగా సాధించడం. ఇది సమగ్రమైనదే కాని, యంత్రాలూ బ్యాచ్‌లూ పెరిగేకొద్దీ గణన భారం విపరీతమవుతుంది.

ఆ) ప్రత్యామ్నాయాల పట్టిక: ప్రతి చర్యకూ సురక్షితమైన కొన్ని నడకలను ముందే రూపొందించి, ఒక్కొక్కదానికి పట్టే కాలం, ఆవిరి, శీతలీకరణ అవసరాలను షెడ్యూలుకు అందించడం. షెడ్యూలు వాటిలో తగినదాన్ని ఎంచుకుంటుంది.

ఇ) పునఃషెడ్యూలింగ్: జరుగుతున్న బ్యాచ్ కొలతల ఆధారంగా ముగింపు కాలాన్ని అంచనా వేసి, మిగిలిన షెడ్యూలును సవరించడం.

తయారీ విధానాన్ని యంత్రసామగ్రి నుంచి వేరుచేసి వర్ణించే ఐఎస్ఏ-88 ప్రమాణం చివరి రెండు మార్గాలకు అనువైన చట్రాన్ని అందిస్తున్నది.

6. ముగింపు:

చర్యాకాలాన్ని స్థిర సంఖ్యగా కాక, షెడ్యూలూ నియంత్రణా కలిసి తీసుకోవలసిన నిర్ణయంగా గుర్తించడమే సమన్వయానికి మూలసూత్రం. కొత్త సాఫ్ట్‌వేరు కంటే ముందు, ప్రణాళికా విభాగం బ్యాచ్ పరిమాణాన్ని గాని, వేగాన్ని గాని మార్చదలచినప్పుడు నియంత్రణ విభాగం ఉష్ణ లెక్కలతో దాన్ని సరిచూసే పద్ధతి ఏర్పడాలి. అందుకు పెద్ద పెట్టుబడి అవసరం లేదు. దాన్ని విస్మరిస్తే కలిగే నష్టం ఉత్పత్తికే పరిమితం కాదు. రియాక్టర్ పక్కన నిలిచి పనిచేసే కార్మికుల ప్రాణాలకూ ముప్పే.