టక్కుమని ఊరుకునే జీపు

టార్చిలైటు మీట నొక్కితే ఒక్కోసారి వెలగదు. అరచేతిలో వేసి ఒక్కటి తట్టామంటే చటుక్కున వెలుగుతుంది. బల్బూ మంచిదే, బ్యాటరీలూ మంచివే. లోపలి స్ప్రింగు సరిగా ఆనకపోవడమే అసలు లోపం. ఇలాంటి లోపమే ఒక బండిలో వస్తే ఎంత తికమక పెడుతుందో, దాన్ని ఎలా పట్టుకోవాలో చూద్దాం.

మన దేశంలో 1970, 1980 దశకాలలో పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది తమ జీపులలో పెట్రోలు ఇంజను తీయించి డీజిలు ఇంజను పెట్టించుకున్నారు. అలాంటి జీపు ఒకటి ఉందనుకోండి. పొద్దున బాగానే స్టార్టవుతుంది. సంతకు వెళ్ళి, తిరిగి వద్దామని తాళంచెవి తిప్పితే “టక్” మంటుంది, అంతే! కాసేపాగి తిప్పితే ఏమీ ఎరగనట్టు బయలుదేరుతుంది. బ్యాటరీ మార్చారు. రెండు రోజులు బాగుంది, మళ్ళీ “టక్”. స్టార్టరు మోటారు మార్చారు. వారం బాగుంది, మళ్ళీ అదే పాట. డబ్బు పోతే పోయింది, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి చేర్చవలసి వస్తే ఈ బండిని నమ్మేదెలా?

కాకి వాలగానే తాటిపండు రాలితే కాకి బరువుకే రాలిందనుకోవడాన్ని కాకతాళీయం అంటారు గదా! ఇక్కడ జరిగిందీ అదే. బ్యాటరీ మార్చేటప్పుడు చేతులు తగిలి తీగలు కదిలాయి. కదలిన తీగ కాసేపు సరిగా ఆనింది. మార్చిన సామాను వల్లే బాగుపడిందని అందరూ అనుకున్నారు. వచ్చిపోయే లోపంతో ఉన్న చిక్కు ఇదే.

కరెంటు తిరిగి వచ్చే దారి

విద్యుత్తు ప్రవహించాలంటే వలయం పూర్తి కావాలి. బ్యాటరీ ధన ధ్రువం నుండి లావుపాటి తీగ స్టార్టరు మోటారుకు వెళుతుంది. తిరుగుదారికి వేరే తీగ ఉండదు. మోటారు ఇంజనుకు బిగించి ఉంటుంది కనుక ఇంజను లోహమే దారి. అక్కడి నుండి బండి చట్రానికి, చట్రం నుండి బ్యాటరీ రుణ ధ్రువానికి కరెంటు చేరాలి. కాని అదురు తగ్గించడానికి ఇంజనును రబ్బరు దిమ్మెల మీద కూర్చోబెడతారు. రబ్బరు విద్యుత్ బంధకం! అందుకే ఇంజనును చట్రానికి కలుపుతూ ఒక ఎర్త్ పట్టీ బిగిస్తారు.

ఇంజను మార్చినప్పుడు ఈ పట్టీని పెయింటు మీదనే బిగిస్తే? పెయింటు కూడా బంధకమే. బోల్టు మరల వద్ద గీసుకున్న కాస్త లోహమే ఆనుతుంది. అదురుకూ వేడికీ ఆ ఆనిక మారుతూ ఉంటుంది. అందుకే లోపం వస్తూ పోతూ ఉంటుంది.

ఓం నియమం ఏం చెబుతుంది?

పెట్రోలు ఇంజను తాను పీల్చినదాన్ని సుమారు 8వ వంతుకు కుదిస్తే, డీజిలు ఇంజను గాలిని సుమారు 20వ వంతుకు కుదిస్తుంది. కనుక దాన్ని తిప్పడానికి ఎక్కువ బలం, ఎక్కువ కరెంటు కావాలి. 200 ఆంపియర్లు కావాలనుకుందాం. పట్టీ వద్ద నిరోధం 0.05 ఓం మాత్రమే అనుకుందాం. అంత కరెంటును దాని గుండా పంపడానికే 200 × 0.05 = 10 వోల్టులు కావాలి. 12 వోల్టుల బ్యాటరీలో ఇక మోటారుకు మిగిలేదెంత? తక్కువ కరెంటు చాలే సోలినాయిడ్ మాత్రం “టక్” మంటుంది. ముందు దీపాలు చట్రానికే కలిసి ఉంటాయి కనుక అవి దివ్యంగా వెలుగుతాయి!

లోపాన్ని పట్టుకోవడం

తాళంచెవి తిప్పకుండా మోటారు వద్ద వోల్టు మీటరు పెడితే నిక్షేపంగా 12 వోల్టులు చూపిస్తుంది. ఎందుకంటే మీటరు తీసుకునే కరెంటు అత్యల్పం. అంత చిన్న ప్రవాహానికి ఆ నిరోధం అడ్డే కాదు. కాబట్టి బండి మొరాయించినప్పుడే, ఒకరు తాళంచెవి తిప్పి పట్టుకుని ఉండగా మరొకరు కొలవాలి.

మొదట బ్యాటరీ రెండు ధ్రువాల మధ్య కొలవాలి. 7, 8 వోల్టులకు పడిపోతే బ్యాటరీని అనుమానించాలి. 12కు దగ్గరగా నిలిస్తే అది నిర్దోషి. తరువాత ధన ధ్రువానికీ మోటారు తీగ కొసకూ మధ్య, ఆపైన రుణ ధ్రువానికీ ఇంజను లోహానికీ మధ్య కొలవాలి. ఈ రెండు చోట్లా అర వోల్టు మించరాదు. మన జీపులో చివరిచోట 8 వోల్టులు కనిపించాయనుకోండి, దొంగ దొరికినట్టే! పెయింటు గీకి, లోహం మెరిసేలా గరుకు కాగితంతో రుద్ది, లావుపాటి పట్టీ బిగిస్తే సరి.

ఆలస్యం చేస్తే ప్రమాదం సుమా! దారి దొరకని కరెంటు యాక్సిలరేటరు తీగ గుండా పోవచ్చు. సన్నని తీగ ఎర్రగా కాలి మంటలు లేవవచ్చు. పరీక్ష పెద్దల సమక్షంలోనే చేయాలి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండు బ్రేకు వేయాలి. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ రానివ్వకూడదు, దాని నుండి హైడ్రోజన్ వెలువడుతుంది.

ఇప్పుడు మీకొక లెక్క. ఒక లారీ బ్యాటరీలు 24 వోల్టులు. స్టార్టరుకు 400 ఆంపియర్లు కావాలి. ఎర్త్ పట్టీ నిరోధం 0.01 ఓం. ఆ పట్టీ దగ్గరే ఎన్ని వోల్టులు వృథా అవుతాయి? అదే పట్టీ మీదుగా 5 ఆంపియర్ల దీపం వెలిగిస్తే ఎంత పోతుంది? రెండు జవాబులూ పక్కపక్కన వ్రాసి చూడండి. దీపం వెలిగినంత మాత్రాన దారి బాగున్నట్టు కాదని మీకే తెలుస్తుంది.